తుపాను వెళ్ళాక తోటలో కరెంటు లేని రోజులు: ఏది ముందు, ఏది తర్వాత

2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నై దగ్గర ఒడ్డు దాటింది. ఆ రాత్రి మా తోట ఇంట్లో పదహారు కొవ్వొత్తులు, రెండు టార్చిలైట్లు, అటకమీంచి దింపిన పాత లాంతరు ఉన్నాయి. నీళ్ళు మాత్రం బిందెన్నర. తెల్లారి కొట్టంలోకి వెళితే నాలుగు పాడి ఆవులు ఖాళీ తొట్టి అడుగు నాకుతున్నాయి. బయట మోకాలి లోతు వరద ఉంది. అందులో తాగదగ్గవి గుక్కెడు లేవు.

చీకటికి భయపడి కొవ్వొత్తులు కొన్నాను కానీ, బోరు మోటారు తిరగకపోతే బొట్టు నీరు రాదని తట్టలేదు. అందుకే ఇందులో దీపాల సంగతి బాగా వెనక వస్తుంది. చెన్నైలో ఉద్యోగం చేసుకుంటూ ఊత్తుకోట, పెరియపాళెం, పొన్నేరి, గుమ్మిడిపూండి వైపు ఎకరమో రెండెకరాలో కొనుక్కున్న మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, ఆ మూడు నెలల్లోనే తుపాన్లు. పట్నంలో రెండు మూడు రోజుల్లో కరెంటు వచ్చినా, పొలాల మీదుగా పోయే లైను బాగుపడేసరికి వారం, పది రోజులు పడుతుంది. వర్దా అప్పుడు మాకు తొమ్మిది రోజులు పట్టింది. తుపాను కేంద్రం మనకు దూరంగా ఉందిలే అనుకోవడానికీ లేదు. 2023 డిసెంబరులో మిగ్‌జాం ఒడ్డు దాటింది బాపట్ల దగ్గర, మునిగింది చెన్నై. మా వైపయితే వాన ఆగినా పిచ్చాటూరు డ్యాము గేట్లు ఎత్తితే అరణియార్ నది పొంగుతుంది.

మొదటి పని: తీగలు ఎక్కడ పడ్డాయో చూడటం

గాలి ఆగింది కదా అని వెంటనే బయటికి పరిగెత్తకండి. తుపాను కన్ను మన మీదుగా పోతుంటే కాసేపు అంతా నిశ్శబ్దమవుతుంది, తర్వాత గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. వర్దా అప్పుడు చెన్నైలో ఆ సందులో బయటికొచ్చి ఇరుక్కున్నవాళ్ళున్నారు. నిజంగానే వెళ్ళిపోయిందని రూఢి అయ్యాకే, అదీ వెలుతురు వచ్చాకే గుమ్మం దాటండి.

పశువుల్ని విప్పకముందే తోటంతా ఒక్కరే, కర్ర పట్టుకుని, రబ్బరు చెప్పులతో తిరిగి రండి. రబ్బరు చెప్పులు కవచం కాదు, వట్టి కాళ్ళకన్నా నయం, అంతే. తీగ కిందపడి ఉంటే ముప్పై అడుగుల దూరంలోనే ఆగిపోండి. ఊరంతా చీకటిగా ఉంది కాబట్టి తీగలో కరెంటు లేదనుకోవద్దు. అవతలి నుంచి ఎవరో జనరేటరు వేస్తే అదే తీగ ప్రాణం తీస్తుంది. దగ్గరికి వెళ్ళాక చూసుకున్నారా, రెండు పాదాలూ కలిపి, నేల మీంచి ఎత్తకుండా ఈడ్చుకుంటూ వెనక్కి రండి. అంగలేస్తే ఒక కాలికీ ఇంకో కాలికీ మధ్య నేలలో వోల్టేజి తేడా ఉంటుంది, కరెంటు ఒంట్లోంచి పోతుంది.

ఈ లెక్కలో మనకన్నా ఆవుకే ప్రమాదం ఎక్కువ. దాని ముందు కాళ్ళకీ వెనక కాళ్ళకీ మధ్య దూరం ఎక్కువ, ఆ దారిలోనే గుండె ఉంటుంది. మనకు కాలు జిల్లుమన్న చోట ఆవు కుప్పకూలిపోతుంది. కరెంటు స్తంభానికి ఊతంగా నేలలోకి దిగే స్టే వైరుకు పశువుని కట్టే అలవాటు మా వైపు ఇంకా ఉంది. తుపాను రోజుల్లో అది మానేయండి. మామూలు రోజుల్లోనూ మానేస్తే మంచిది.

రెండోది: స్విచ్చులన్నీ ఆపేయండి, ఆటో స్విచ్ అన్నిటికన్నా ముందు

కరెంటు ఎలాగూ లేదుగా, ఆపేదేముంది అనిపిస్తుంది. ఆపేది వచ్చేటప్పటి కోసం. మెయిన్ దించండి. బోరు షెడ్డులో ఫ్యూజు క్యారియర్లు మూడూ పీకి ఇంట్లో పెట్టుకోండి. మోటారుకు ఆటో స్విచ్ (కరెంటు రాగానే మోటారుని తనంతట తానే వేసేది) ఉంటే దాన్ని మాన్యువల్‌లోకి తిప్పండి. రాత్రిపూట వచ్చే త్రీ ఫేజ్ కరెంటు కోసం మనం నిద్రలేవకుండా బిగించుకున్న ఆ చిన్న డబ్బా తుపాను తర్వాత శత్రువు అవుతుంది. దాని కథ చివర్లో చెబుతాను.

స్టార్టరు డబ్బా నీళ్ళల్లో మునిగి ఉంటే మెయిన్ దించకుండా మూత తెరవకండి.

మూడోది: నీళ్ళు

ముందు లెక్క వేసుకోండి. పాడి ఆవు ఈ చలి రోజుల్లో కూడా రోజుకు యాభై, అరవై లీటర్లు తాగుతుంది. దూడకు పదిహేను. ఇంట్లో మనిషికి తాగడానికి, వంటకి, ముఖం కడుక్కోవడానికి పొదుపుగా ఇరవై. నాలుగు ఆవులు, రెండు దూడలు, అయిదుగురు మనుషులంటే రోజుకు 370 లీటర్లు. వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు నిండుగా ఉన్నా మూడో రోజు మధ్యాహ్నం దాటదు. కొట్టం కడగడం ఈ లెక్కలో లేదు. ఆ రోజుల్లో పేడ ఎత్తి, పొడి బూడిద చల్లి సరిపెట్టుకోండి.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజే ట్యాంకు, తొట్లు, డ్రమ్ములు, కాగులు, చివరికి పాత పాల క్యాన్లు కూడా నింపేయండి. దీనికి ఇంకో లాభం ఉంది. ఖాళీ సింటెక్స్ గాలికి ఎగిరి పక్కవాళ్ళ పొలంలో పడుతుంది, నిండు ట్యాంకు టన్ను బరువుతో కదలకుండా కూర్చుంటుంది.

అవి అయిపోయాక నీళ్ళు ఎక్కణ్ణించి తేవాలన్నది మీకున్నదాన్ని బట్టి.

పాత దిగుడు బావి గానీ, గిలక బావి గానీ ఉంటే అదృష్టవంతులు. ఈ రోజుల్లో చాలామంది దాన్ని చెత్తతో పూడ్చేశారు. గిలక, చేంతాడు, చేద సిద్ధంగా ఉంచుకోండి. చేదకు పన్నెండు లీటర్లు వస్తే పై లెక్కకు ముప్పై చేదలు. ఇద్దరు మార్చి మార్చి తోడితే గంట పని. వర్దా తర్వాత మా మామ బావి గట్టున నిలబడి, “కరెంటు వచ్చాక నీకు నడుము వంగడం మరిచిపోయింది అల్లుడూ” అన్నారు. నిజమే, మూడో రోజుకి గానీ నా చేతులు తాడుకు అలవాటు పడలేదు.

బావిలో నీళ్ళు పైనే ఉంటే, ఆయిల్ ఇంజను అన్నిటికన్నా ఉత్తమం. అయిదు హెచ్‌పీ డీజిల్ ఇంజను గంటకు సుమారు లీటరు తాగుతుంది. రోజుకు ఒక్క గంట నడిపి ఉన్న పాత్రలన్నీ నింపుకుంటే పది లీటర్ల డీజిల్ పది రోజులు వస్తుంది. గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటే. గట్టు మీది పంపు నీటిని పైకి పీల్చగలిగేది ఇరవై అడుగులు, మహా అయితే ఇంకో రెండడుగులు. అంతకన్నా లోతులో ఉంటే ఇంజను ఎంత పెద్దదయినా లాభం లేదు, పంపునే కిందికి దించాలి.

ఏడాదిగా మూలన పడున్న ఇంజను మొదటిరోజే నీళ్ళు తోడుతుందని ఆశపడొద్దు. ఇంజను టకటకమని బాగానే తిరుగుతుంది, గొట్టంలోంచి మాత్రం గాలే వస్తుంది. కారణం దాదాపు ఎప్పుడూ గొట్టం అడుగున, నీళ్ళు వెనక్కి జారకుండా ఆపే ఫుట్ వాల్వే. దాని తోలు ఎండి నీళ్ళు నిలవవు. ఇంజను ఆపి, పంపు మీది బిరడా విప్పి, పైనుంచి బిందెతో నీళ్ళు పొయ్యండి. పోసినవి పోసినట్టు కిందికి జారిపోతుంటే పేడ కలిపిన చిక్కటి నీళ్ళు రెండు బకెట్లు పొయ్యండి. పేడలోని పీచు వెళ్ళి వాల్వు సందుల్లో కూర్చుంటుంది. నీళ్ళు నోటిదాకా వచ్చి నిలబడి, బుడగలు రావడం ఆగాక బిరడా బిగించి ఇంజను వెయ్యండి. ముందు పచ్చగా ఓ నిమిషం కక్కుతుంది, తర్వాత మంచి నీళ్ళు. ఆ మొదటి నీళ్ళు చెట్లకు వదిలేయండి. తాగే బావి మీద మాత్రం ఈ వైద్యం చేయకండి. అక్కడ పంపుకు కొత్త వాల్వు కొనాల్సిందే, అంతవరకూ చేదే గతి.

బోరులో సబ్‌మెర్సిబుల్ (నీళ్ళలో మునిగే ఉండి తోడే మోటారు) దిగి ఉన్నవాళ్ళకు చేద పనికిరాదు, ఇంజనూ పనికిరాదు. మీకు మిగిలిన దారులు మూడు: జనరేటరు, పక్కింటి బావి, పంచాయతీ చేతిపంపు. సోలార్ పంపు ఉంటే ఈ గొడవ లేదు, మబ్బు పట్టినా కొంత నీరు తోడుతుంది. కాకపోతే తుపానుకు ముందే పలకల్ని నేలకు సమాంతరంగా వంచి బిగించి ఉండాలి. అలా చేయనివాళ్ళ పలకలు ఎక్కడ తేలతాయో చెప్పలేం.

వరద ఒక్కసారి బావిలోకి దిగితే ఆ నీళ్ళు ఎంత తేటగా కనిపించినా తాగకూడదు. బ్లీచింగ్ పౌడరు వేసే పద్ధతి ఇది. బావి వెడల్పు మీటర్లలో కొలిచి దాన్ని దానితోనే గుణించండి, నీటి లోతుతో గుణించండి, 3.14తో గుణించి నాలుగుతో భాగించండి. వచ్చింది ఘనపు మీటర్లు, ఒక్కొక్కటి వెయ్యి లీటర్లు. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల నీళ్ళున్న బావిలో 28 వేల లీటర్లు ఉంటాయి. మంచి పౌడరయితే మామూలుగా వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, అంటే 70 గ్రాములు. వరద నీరు కలిసింది కాబట్టి రెట్టింపు వేయండి. పౌడరు నేరుగా బావిలో చల్లకండి. బకెట్‌లో ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుక్కి దిగుతుంది. పై తేట మాత్రం ఇంకో బకెట్‌లోకి వంచి, దాన్ని బావిలోకి దించి తాడుతో పైకీ కిందికీ ఆడించండి. గంట ఆగి తోడుకోండి. ఇంత చేసినా తాగే నీళ్ళు కాచుకోవడమే మంచిది, పిల్లలున్న ఇంట్లో అయితే తప్పనిసరి.

పశువులకు వరద నీళ్ళు పెట్టకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే జ్వరం మనుషుల్నే కాదు, గొడ్లనీ పట్టుకుంటుంది. కాలికి పుండ్లు ఉన్నవాళ్ళు వరద నీటిలో దిగకపోవడం మంచిది.

నాలుగోది: పాలు

పాలు పిండే మిషను ఆగింది కదా అని ఓ పూట వాయిదా వేస్తే పొదుగు రాయిలా గట్టిపడి పొదుగు వాపు మొదలవుతుంది. రోజూ పిండే వేళకే చేత్తో పిండాలి. మిషనుకు అలవాటైన ఆవు మనిషి చేతిని ఒప్పుకోదు, తంతుంది. మా ఎర్రావు అయితే నన్ను పేడలో కూర్చోబెట్టింది. మా అత్తగారు వచ్చి ముందు గోరువెచ్చటి నీళ్ళ గుడ్డతో పొదుగంతా నెమ్మదిగా తుడిచారు, ముందర తవుడు పెట్టించారు, నాలుగు నిమిషాలు ఏదో మాట్లాడుతూ కూర్చున్నారు. చన్నులోకి పాలు దిగాక గానీ చెయ్యి వేయలేదు. బొటనవేలు మడిచి చన్నుని నొక్కి లాగడం చాలామందికి అలవాటు. అలా చేస్తే చన్ను లోపల గాయమవుతుంది. పిడికిలి మొత్తంతో, పైవేలు ముందు, కిందివేలు చివర బిగుస్తూ పిండాలి. మొదటి రెండు ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడండి. తెల్ల ముక్కలు కనిపిస్తే వాపు మొదలైనట్టే, ఆ పాలు వేరు చేసి 1962కి ఫోను చెయ్యండి, పశువుల అంబులెన్సుది.

పిండిన పాలు ఏం చేయాలన్నది ఇంకో బాధ. పాల వ్యాను రాదు, రోడ్డు మీద చెట్లు పడి ఉంటాయి. పచ్చిపాలు నాలుగైదు గంటలకు మించి ఆగవు. క్యాను మూత బిగించి తాడు కట్టి బావి నీళ్ళలో మెడదాకా దించితే ఇంకో రెండు మూడు గంటలు. తడిగుడ్డ చుట్టి చల్లబరిచే పద్ధతి ఎండాకాలానిది, తుపాను తేమలో గుడ్డ ఆరదు కాబట్టి పాలూ చల్లబడవు. దానిమీద టైము పెట్టొద్దు.

అందుకే మొదటి రోజు నుంచే కాచి తోడు పెట్టండి. మజ్జిగ చిలికి వెన్న తియ్యండి, నెయ్యి చెయ్యండి. పది లీటర్ల ఆవు పాలకు సుమారు నాలుగు వందల గ్రాముల నెయ్యి వస్తుంది. ఎండు కట్టెలు దండిగా ఉంటే కోవా. పది లీటర్లకు రెండు కిలోల లోపే వస్తుంది, అడుగంటకుండా గంటల తరబడి కలపాలి, కానీ చక్కెర వేసి బాగా బిగించింది రెండు మూడు రోజులు ఆగుతుంది. మజ్జిగ ఊళ్ళో పంచేయండి. ఆ వారం మా మజ్జిగ తాగినవాళ్ళే తర్వాత మా దారిలో పడ్డ చింతచెట్టు నరకడానికి గొడ్డళ్ళు పట్టుకుని వచ్చారు.

మేత గురించి ఒక్క మాట. గడ్డి నరికే మిషను (చాఫ్ కట్టరు) తిరగదు, కత్తితో నరుక్కోవాలి. తడిసి ముక్కిపోయిన గడ్డి పెట్టకండి, బూజు కనిపిస్తే అసలు పెట్టకండి. దోమలకు వేపాకు పొగ వేస్తారు, గాలి ఆడేచోట వెయ్యండి. కోడిపిల్లలు ఉంటే వాటికి మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి. బల్బులు లేవు కాబట్టి బొగ్గుల కుంపటి పెడతారు. షెడ్డుకు చుట్టూ పట్టలు కట్టి లోపల కుంపటి పెడితే పిల్లలు చలికి కాదు, బొగ్గు గాలికి చస్తాయి. పైభాగం తెరిచి ఉంచాలి.

జనరేటరు తెచ్చేవాళ్ళకు

అయిదు హెచ్‌పీ మోటారు అంటే 3.7 కిలోవాట్లు. దాన్ని చూసి అయిదు కేవీఏ జనరేటరు తెస్తే లేవదు. నేరుగా వేసే స్టార్టరుతో మోటారు మొదలయ్యే క్షణంలో ఆరేడు రెట్లు కరెంటు లాగుతుంది. పదిహేను కేవీఏ త్రీ ఫేజ్ తెచ్చుకుంటే ఇబ్బంది ఉండదు. ఒక్కరికి భారం కాబట్టి నాలుగు బోర్ల వాళ్ళు కలిసి ట్రాక్టరు మీద తిప్పుకుంటే పోతుంది, తలా గంటన్నర. చిన్న పెట్రోలు జనరేటరు ఇంటి దీపాలకు, ఫ్రిజ్‌కు, పాల మిషనుకు సరిపోతుంది, బోరుకు కాదు.

జనరేటరుని ఇంటి ప్లగ్గులోకి తిరగేసి గుచ్చడం హత్యతో సమానం. రెండు వైపులా పిన్నులున్న వైరు చేయించుకుని గోడ సాకెట్లో పెట్టేవాళ్ళు ఉన్నారు. ఆ 230 వోల్టులు సర్వీసు వైరులోంచి ట్రాన్స్‌ఫార్మరు దాకా పోతాయి. ట్రాన్స్‌ఫార్మరు తిరగబడి పనిచేసి వాటిని 11 వేల వోల్టులు చేస్తుంది. రెండు కిలోమీటర్ల అవతల స్తంభం మీద తీగ కడుతున్న మనిషికి అది తగులుతుంది. చేంజోవర్ స్విచ్ (లైనో జనరేటరో ఒక్కటే ఇంటికి కలిసేలా చూసేది) ఉంటేనే ఇంటి వైరింగుకు కలపండి, లేదంటే జనరేటరు నుంచి వేరే వైరు లాక్కుని అవసరమైన వస్తువుకే పెట్టండి.

వాన పడుతోందని వరండాలోకి, కొట్టంలోకి తీసుకురాకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. ఇంటికి ఇరవై అడుగుల దూరంలో, కిటికీకి ఎదురుగా కాకుండా, పైన రేకు కప్పి పెట్టండి.

దీపాలు, ఫోను, డబ్బు

ఇన్వర్టరు 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లు ఉంటాయి, సగమే మనవి అనుకోండి. తొమ్మిది వాట్ల బల్బులు నాలుగు, రాత్రికి అయిదు గంటలు వేస్తే మూడు నాలుగు రాత్రులు వస్తుంది. ఫ్యాను వేస్తే రాదు. పగలు ఇన్వర్టరుని పూర్తిగా ఆపేయండి, ఊరికే ఉన్నా బ్యాటరీ తింటుంది. ఇంటి కప్పు మీద సోలార్ ఉందిగా అనుకునేవాళ్ళు ఒకటి చూసుకోవాలి. ఈబీ (కరెంటు బోర్డు) లైనుకు కలిపిన రకమైతే, బ్యాటరీ లేకపోతే, లైను పోగానే అదీ ఆగిపోతుంది. లైన్‌మ్యాన్ ప్రాణం కోసమే అలా చేశారు, చెడిపోయిందని కంగారుపడొద్దు.

ఫోను కారులోనో ట్రాక్టరు బ్యాటరీ నుంచో చార్జి చేసుకోవచ్చు. టవర్లే చచ్చిపోతాయి కాబట్టి పగలంతా ఆపి, పొద్దున ఓ పది నిమిషాలు, సాయంత్రం ఓ పది నిమిషాలు వేసి చూడండి. బ్యాటరీలతో నడిచే చిన్న రేడియో ఒకటి కొనిపెట్టుకోండి.

ఫ్రిజ్ తలుపు తియ్యకపోతే నాలుగు గంటలు. నిండుగా ఉన్న ఫ్రీజరు రెండు రోజులు, సగమే ఉంటే ఒక రోజు. అంతే, తర్వాత పారెయ్యండి.

నగదు ఉంచుకోండి. బంకులో కార్డు పనిచేయదు, ఫోను పే చేద్దామంటే సిగ్నలుండదు. వర్దా వచ్చింది పెద్దనోట్లు రద్దయిన నెల తర్వాత. చేతిలో ఒకే ఒక్క రెండు వేల నోటు పట్టుకుని అయిదు లీటర్ల డీజిల్ కోసం నిలబడితే, చిల్లర లేదని మూడు బంకుల్లో తిప్పి పంపారు. అప్పటి నుంచి ఇంట్లో బియ్యం డబ్బాలో వంద నోట్ల కట్ట ఉంటుంది.

ఈబీ వాళ్ళకు చెప్పడం

తమిళనాడు కరెంటు బోర్డు ఫిర్యాదుల కేంద్రం మిన్నగం నంబరు 94987 94987. “మా తోటలో కరెంటు లేదు” అంటే ఉపయోగం లేదు, జిల్లాలో ఎవరికీ లేదు. మీటరు కార్డు మీది సర్వీసు నంబరు, ట్రాన్స్‌ఫార్మరు పేరు, పడిపోయిన స్తంభం మీది అంకెలు, ఎన్ని స్తంభాలు పడ్డాయి, తీగ తెగిందా, చెట్టు పడిందా, ఇవి చెప్పండి. ముందే కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి, చీకట్లో కార్డు దొరకదు.

తుపాను పనికి వేరే జిల్లాల నుంచి మనుషుల్ని దింపుతారు. వాళ్ళకు మీ చేను దారి తెలియదు. లారీ వచ్చే దారిలో కొమ్మలు మీరే నరికి పెట్టండి, తీగకు ఆనుకున్నవి మాత్రం ముట్టకండి. గట్టు మీద ఒకరు నిలబడి దారి చూపించాలి. టీ, టిఫిను పెట్టండి. ఇంట్లోవాళ్ళని వదిలి మూడు రోజులుగా తడిలో పనిచేస్తున్న మనుషులు వాళ్ళు. సొంతంగా ట్రాన్స్‌ఫార్మరు ఎక్కి ఫ్యూజు వేసే హీరోలు ప్రతి ఊళ్ళోనూ ఒకరుంటారు. వాళ్ళని ఎక్కనివ్వకండి.

మొదటిరోజు తోటంతా తిరిగేటప్పుడే నష్టం ఫొటోలు తీసుకోండి. పంట బీమా ఉంటే, కోసి కల్లంలోనో చేలోనో ఆరేసిన పంట తుపాను వానకు పాడైతే కోత తర్వాత 14 రోజుల వరకూ వర్తిస్తుంది, కానీ 72 గంటల్లోపు చెప్పాలి. పంట బీమా హెల్ప్‌లైను 14447కి చెప్పవచ్చు. ఫోను పనిచేయని రోజుల్లో ఆ 72 గంటలు ఇట్టే అయిపోతాయి, సిగ్నలు కోసం మెయిన్ రోడ్డు దాకా వెళ్ళయినా సరే చేయండి. పశువు చనిపోతే పూడ్చేముందు వీఏఓకి (గ్రామ పాలనాధికారికి), పశువైద్యుడికి చెప్పండి. పాడి పశువుకు విపత్తు నిధి నుంచి 37,500 రూపాయల సాయం ఉంది, సర్టిఫికెట్ లేకపోతే అడగడానికి ఆధారం ఉండదు.

కరెంటు వచ్చిన రోజు

ఇక ఆటో స్విచ్ కథ. తొమ్మిదో రోజు రాత్రి రెండున్నరకు కరెంటు వచ్చింది. మేం నిద్రలో ఉన్నాం. ఆటో స్విచ్ మాత్రం మేలుకునే ఉంది. లైనులో వచ్చింది రెండు ఫేజులే. మోటారు లేవలేక మూలుగుతూ ఎంతసేపు పడుందో తెలియదు. పొద్దున షెడ్డు తలుపు తీస్తే కాలిన లక్క వాసన. 280 అడుగుల పైపు లాగి, మోటారు చుట్టించి, మళ్ళీ దించడానికి ఇంకో ఆరు రోజులు పట్టింది, ఎందుకంటే చుట్టుపక్కల ఇంకా ఎన్నో మోటార్లు వైండింగు షాపు ముందు వరసలో ఉన్నాయి. తప్పు ఎవరిదీ కాదు, ఫ్యూజులు పీకని నాదే. కరెంటు లేని తొమ్మిది రోజులకన్నా కరెంటు ఉండీ నీళ్ళు లేని ఆ ఆరు రోజులే ఎక్కువ మండింది.

కాబట్టి కరెంటు రాగానే ముందు ఇంటి దీపం చూడండి. ఒక గదిలో బల్బు కళ్ళు చెదిరేట్టు వెలుగుతూ ఇంకో గదిలో మిణుకుమంటుంటే న్యూట్రల్ తెగినట్టు. వెంటనే మెయిన్ దించండి, టీవీ, ఫ్రిజ్ అన్నీ కాలిపోతాయి.

ఇల్లు బాగుంటే అప్పుడు బోరు షెడ్డు. టెస్టరు పెట్టి మూడు ఫేజుల్లోనూ వెలిగింది కదా అని సంబరపడకండి. ట్రాన్స్‌ఫార్మరు పైవైపు ఒక ఫ్యూజు పోతే కింద రెండు ఫేజుల్లో సగం వోల్టేజే వస్తుంది, టెస్టరు మాత్రం మూడింట్లోనూ ఎర్రగా నవ్వుతుంది. కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటరు కొనండి. దాన్ని ఏసీ 750లో పెట్టి, మోటారు వేయకుండానే, మెయిన్ దగ్గర ఎరుపు-పసుపు, పసుపు-నీలం, నీలం-ఎరుపు ఫేజుల మధ్య కొలవండి. మూడూ 415 వోల్టులకి అటూఇటూగా, దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి 400, రెండోది 350 అంటే ఆ రోజు మోటారు వేయకండి. ఈ కొలత అలవాటు లేనివాళ్ళు ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, తడి నేల మీద నిలబడి చేసే పని కాదిది.

గట్టు మీది మోనోబ్లాక్ మోటారు (మోటారు, పంపు ఒకే దిమ్మెగా ఉండేది) వరదలో మునిగితే మల్టీమీటరు ఏం చెప్పినా వేయొద్దు. ఎండలో పెట్టి పైన ఆరింది కదా అని వేస్తే లోపలి చుట్లలో నీరు అలాగే ఉంటుంది. విప్పించి, ఆరబెట్టించి, మెగ్గరుతో (చుట్ల ఇన్సులేషన్ బాగుందో లేదో చెప్పే మీటరుతో) చూపించాకే వేయాలి. సబ్‌మెర్సిబుల్‌కు నీళ్ళంటే భయం లేదు, దాని కేబుల్ అతుకులకే భయం. పైన అతుకు మునిగి ఉంటే కోసి కొత్తగా వేయించండి.

మోటారు వేశాక వచ్చే నీళ్ళు చూడండి. బోరు నోట్లోకి వరద దిగి ఉంటే మొదట బురదగా వస్తాయి, తేటపడేదాకా చేలోకి వదలండి, ట్యాంకుకు కలపకండి. నీళ్ళు తేటగానే ఉన్నా ధార పలచగా, మామూలులో సగమే వస్తుంటే బోరు ఎండిందనో పంపు పోయిందనో హడావుడిగా పైపులు లాగించకండి. తెగిన తీగలు కలిపేటప్పుడు స్తంభం మీద రెండు ఫేజులు తారుమారై ఉంటాయి, మోటారు వెనక్కి తిరుగుతోంది. మెయిన్ దించి, స్టార్టరు నుంచి మోటారుకు పోయే మూడు వైర్లలో ఏవైనా రెండు మార్చి వేస్తే ధార లేస్తుంది. మార్చిన ఆ రెండు వైర్లకూ రంగు టేపు చుట్టి, స్టార్టరు మూత లోపల తేదీ రాసి పెట్టండి. నెలకో రెండు నెలలకో లైను వాళ్ళు వచ్చి పైన సరిచేసి పోతారు, ఆ రోజు మళ్ళీ ధార పలచబడుతుంది.